అతి పెద్ద డైనోసార్ మన దగ్గరే ఉండేదా? తేలని పంచాయితీ వెనక కథ

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూసిన ఏ పిల్లాడైనా అడిగేది ఒకటే: ప్రపంచంలో ఇదే పెద్దదా? కాదు. పొడవు సుమారు 14 మీటర్లు, పొడుగు మెడ సారోపాడ్‌ల (ఆకులు అలములు తినే భారీ డైనోసార్ల) లెక్కలో అది చిన్నదే. కానీ అతి పెద్దది ఏదన్న పోటీలో మన దేశం పేరూ ఉంది. ఈ అస్థిపంజరానికీ ఆ పేరుకీ లింకు జియలాజికల్ సర్వేలో పనిచేసిన పి. యాదగిరి.

కోటసారస్ ఎముకలు 1970ల్లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికాయి. ఒకటీ రెండూ కాదు, కనీసం 12 జంతువులవి, 800కు పైగా. 1988లో దానికి పేరు పెట్టింది యాదగిరే. ఇంచుమించు అదే రోజుల్లో ఆయన, కె. అయ్యసామి కలిసి తమిళనాడు అరియలూరు వైపు కళ్లమేడులో దొరికిన మరో జంతువుకి బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. ముందు మాంసాహారి అనుకున్నారు, తర్వాత చూసినవాళ్లు కాదు, సారోపాడ్ అన్నారు. మోకాలి కింది ఎముకే సుమారు 2 మీటర్లట! పెద్దవాటిలో మొదట చెప్పుకునే అర్జెంటీనోసారస్‌కి దాని పక్కనుండే ఎముక (ఫిబ్యులా) 1.55 మీటర్లే.

చిక్కేంటంటే ఆ ఎముకలు ఇప్పుడు లేవు. విరిగిపోకుండా వేసిన ప్లాస్టర్ కట్లలో ఉండగానే పొడిపొడి అయిపోయాయి. దాంతో అసలవి ఎముకలేనా, రాయిగా మారిన చెట్టు మొద్దులా అన్న అనుమానం ఏళ్ల తరబడి నడిచింది. చుట్టుపక్కల శిలాజ వృక్షాలు ఉన్నాయి కాబట్టి అది మరీ తీసిపారేసే మాట కాదు. పైగా ఈ గందరగోళం మనకొక్కరికే జరగలేదు. 1987లో అర్జెంటీనా రైతు తన పొలంలో అర్జెంటీనోసారస్ ఎముకని చూసి రాతిచెట్టు అనుకున్నాడు. 1994లో అమెరికాలోని ఓక్లహోమాలో సౌరోపొసైడన్ మెడ ఎముకలు బయటపడినప్పుడూ ముందు చెట్టు మొద్దులే అనుకున్నారు. నాలుగే వెన్నుపూసలు, వాటిని బట్టి వేసిన ఎత్తు దాదాపు 17 మీటర్లు! ఎత్తులో రికార్డు దానిదే అంటారు గానీ, కళ్లారా చూడాలంటే బెర్లిన్‌లో 13.27 మీటర్ల జిరాఫటైటాన్ ఉంది, నా ఓటు దానికే.

పోయిన ఎముకల మీద లెక్కలు కట్టడం కొత్తేమీ కాదు. 1878లో అమెరికా శిలాజ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ ఒక విరిగిన వెన్నుపూసని వర్ణించాడు, తర్వాత అది మాయమైంది. దాని ఆధారంగా 58 మీటర్ల జంతువుని ఊహించారు, 2018లో అది వేరే కుటుంబానిదని తేల్చి 30 మీటర్ల దగ్గరికి దించేశారు. ఎముకలు బాగానే దొరికిన మరో భారీ సారోపాడ్ పటగోటైటాన్‌కే 2017లో 69 టన్నులన్నారు, తర్వాత 57 అన్నారు.

మళ్లీ మన బృహత్కాయోసారస్ సంగతి. 2022లో తవ్వకాల నాటి పాత ఫోటోలు ప్రచురించాక అవి ఎముకలే అన్న వాదన బలపడింది. 2023లో ఇద్దరు పరిశోధకులు దాని బరువు 110 నుంచి 170 టన్నులు ఉండొచ్చన్నారు. అంటే అంచనాలో అటూ ఇటూ తేడాయే ఒక పటగోటైటాన్ బరువంత! కళ్లమేడులో ఇంకో ఎముక దొరికితే తప్ప ఆ తేడా తగ్గేలా లేదు.