గుండ్రని ఫాంట్లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో బోర్డులకు, స్టిక్కర్లకు అక్షరాలు సిద్ధం చేయడం నా వృత్తి. వృత్తాల ఆధారంగా గీసి, కొనలను నున్నగా మలిచిన ఫాంట్ల గురించి నా దగ్గరికి వచ్చేవారు చెప్పే మాటల్లో కొన్నిటిని సరిదిద్దవలసి ఉంది.

అపోహ: తెలుగు లిపి పుట్టుకతోనే గుండ్రం కనుక ప్రతి తెలుగు ఫాంటూ ఈ కోవలోదే.

అక్షరం మెలి తిరిగే దారి వేరు, గీత ముగిసే కొన వేరు. ‘ర’ ఎంత గుండ్రంగా ఉన్నా తలకట్టు కొన కత్తిరించినట్టు ఉంటే దాన్ని గుండ్రని ఫాంటు అనలేము. కొనలు నున్నగా ఉన్న తెలుగు ఫాంటును చూడదలచినవారు ఎక్‌టైప్ బృందం రూపొందించిన ‘బాలూ తమ్ముడు’ను గమనించవచ్చు.

అపోహ: కంపాస్, స్కేలు ఉంటే ఇటువంటి అక్షరాలు ఎవరైనా గీయవచ్చు.

1927లో వచ్చిన ఫ్యూచురా ఫాంటులో పాల్ రెన్నర్ గీసిన అక్షరాలు కంపాస్‌తో గీసినట్టే కనిపిస్తాయి గాని, వంపు నిలువు గీతను కలిసే చోట మందం తగ్గించి ఉంటుంది; లేకపోతే అక్కడ నల్లటి ముద్ద కడుతుంది. కొన గుండ్రమైన గీత, అంతే పొడవున్న చదరపు కొన గీత కన్నా పొట్టిగా కనిపిస్తుంది కనుక దాన్ని కాస్త సాగదీయాలి. కొలత ఒప్పుకున్నంత మాత్రాన కన్ను ఒప్పుకోదు.

అపోహ: ఎంత లావు చేస్తే అంత దూరం కనిపిస్తుంది.

నాకు ఎక్కువ నష్టం తెచ్చినది ఇదే. ఒకసారి అరసవల్లి రథసప్తమికి వెళ్లే వాహనం అద్దానికి లావుపాటి గుండ్రని అక్షరాలతో స్టిక్కరు కోశాను. అక్షరాల చుట్టూ మిగిలిన అదనపు వినైల్ (స్టిక్కరు పొర) పీకేటప్పుడు ‘థ’ లోపలి చుక్క దానితోపాటే ఊడిపోయింది, నేను గమనించలేదు. అద్దం మీద ‘రధసప్తమి’ అయింది. చూసినవారు నాకు అక్షరదోషం అంటగట్టారు, నిజానికి దోషం మందానిది. వృత్తం వెడల్పు 40 మిల్లీమీటర్లు, గీత మందం 12 అనుకుంటే లోపల మిగిలేది 16 మాత్రమే. అందులో 12 మిల్లీమీటర్ల చుక్క పెడితే చుట్టూ రెండేసి మిల్లీమీటర్లే ఖాళీ. అందుకని చుక్కను గీత మందంలో సగానికి తగ్గిస్తాను, మరీ చిన్న స్టిక్కరైతే గీతనే సన్నం చేస్తాను. ‘పాఠశాల’లోని ‘ఠ’కు కూడా ఇదే ప్రమాదం: చుక్క పోతే అది ‘పారశాల’. తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు పూడుకుపోతే ‘ప’ కాస్తా ‘వ’ అవుతుంది.

అపోహ: ఇవి పిల్లల బడులకు, ఐస్‌క్రీమ్ బండ్లకే పనికివస్తాయి.

వీఏజీ రౌండెడ్ అనే గుండ్రని ఫాంటు 1979లో వోక్స్‌వ్యాగన్ కార్ల సంస్థ కోసం వచ్చింది. తరువాత ఆపిల్ కీబోర్డుల మీద కూడా కనిపించింది. యాక్రిలిక్ అక్షరాలు కోసే పనివారికి ఇందులో మరో సౌకర్యం ఉంది. రూటర్ బిట్, అంటే కోత యంత్రంలో తిరిగే పదునైన ములికి, గుండ్రంగా తిరుగుతుంది కనుక లోపలి మూలలను పదునుగా కోయలేదు. 3 మిల్లీమీటర్ల బిట్ ప్రతి లోపలి మూలలోనూ ఒకటిన్నర మిల్లీమీటర్ల వంపు వదులుతుంది. ముందే ఆ వంపుతో గీసిన అక్షరం గీసినట్టే వస్తుంది. పేజీల కొద్దీ చదివే వ్యాసానికి మాత్రం నేను వీటిని వాడను. అన్నీ ఒకే పోలికలో ఉండి కన్ను త్వరగా అలసిపోతుంది.

తెలుగు పక్కన ఇంగ్లీషు పెట్టేటప్పుడు పాయింట్ల (అక్షర పరిమాణపు కొలత) సంఖ్య సమానంగా ఉంచితే చాలదు. ‘శ్రీకాకుళం’ అని రాసి చూడండి: ‘శ’ కింది ఒత్తుకు చోటు ఇవ్వాలంటే తెలుగు వరుసల మధ్య ఎడం పెంచాలి, ఆపై ఇంగ్లీషు గీత మందాన్ని ‘క’ మందానికి సరిపోల్చాలి.