ఫైల్ ఎక్కడుంది? ఒక ప్రశ్న వెనుక నలభై ఏళ్లు

ఈఏపీసెట్ దరఖాస్తుల రోజుల్లో తిరుపతి నెట్ సెంటర్లలో తరచూ వినిపించే మాట: “ఫైల్ ఎక్కడ పెట్టావమ్మా?” “ఫోన్లోనే ఉందన్నా.” ఫోన్లో ఎక్కడ అని అడిగితే జవాబు రాదు. ఆ అమ్మాయి వాట్సాప్ తెరిచి, చాట్‌ను పైకి జరుపుకుంటూ పోయి, ఎలాగో కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుంటుంది.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది ల్యాబుల్లోనూ ఇదే తంతు. పైథాన్ ప్రోగ్రాం సరిగ్గానే రాస్తారు, రన్ చేస్తే ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. డేటా డౌన్‌లోడ్స్‌లో ఉంటే, ప్రోగ్రాం ఇంకో ఫోల్డర్‌లో వెతుకుతుంటుంది. “ఈ పిల్లలకు బేసిక్స్ కూడా రావు” అని మాస్టార్లు విసుక్కుంటారు. నాకు ఆ మాట అన్యాయంగా అనిపిస్తుంది. ఫోల్డర్ల కథ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూస్తే తప్పు పిల్లలది కాదని తెలుస్తుంది.

ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టే పద్ధతిని 1965లోనే మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలు వివరించారు. అయినా 1981లో పీసీలను నడపడానికి వచ్చిన తొలి ఎంఎస్-డాస్‌లో అది లేదు. అప్పటి ఫ్లాపీలో పట్టేది 160 కేబీలే, అందులో ఉండే కొద్ది ఫైళ్లకు గదులెందుకు? 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీల హార్డ్ డిస్క్‌తో వచ్చాక వందల ఫైళ్లు ఒకేచోట పడే పరిస్థితి ఏర్పడింది. డాస్ 2.0లో డైరెక్టరీలు, అంటే ఫోల్డర్లు, వచ్చింది అందుకే. ఫైల్ దగ్గరికి వెళ్లే దారిని, అంటే ఏ ఫోల్డర్‌లో ఏ ఫోల్డర్ అన్న వరసను, టైపు చేసి వెళ్లాల్సిన రోజులవి. విండోస్ 95 నాటికి డైరెక్టరీ పసుపు రంగు ఫోల్డర్ బొమ్మగా మారింది.

తిరుపతి, చిత్తూరుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ల పక్కన డీసీఏ, పీజీడీసీఏ కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసిన కాలంలో కంప్యూటర్ నేర్చినవాళ్లకు ఇదే మొదటి పాఠం. ఒకే కంప్యూటర్ మీద పదిమంది కూర్చునేవారు కాబట్టి ఎవరి పేరుతో వాళ్లు ఫోల్డర్ పెట్టుకోకపోతే పని మాయమయ్యేది. వాళ్లకు ఫోల్డర్ అలవాటైంది తెలివి వల్ల కాదు, అవసరం వల్ల.

తర్వాత ఆ అవసరమే పోయింది. 2004లో జీమెయిల్ ‘సర్దుకోవద్దు, వెతుక్కో’ అనే పద్ధతి తెచ్చింది. 2007లో వచ్చిన ఐఫోన్‌లో ‘ఫైల్స్’ యాప్ 2017 దాకా లేదు. ఫొటోలు గ్యాలరీలో, పాటలు పాటల యాప్‌లో, పీడీఎఫ్‌లు చాట్‌లో. 2016లో జియో వచ్చాక మన పల్లెల్లో చాలామంది పిల్లలకు ఫోనే మొదటి కంప్యూటర్ అయింది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లల చేతికి వచ్చిందీ ట్యాబే. నేరుగా యాప్‌లో పాఠం తెరిచే పిల్లవాడికి అది ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుసుకునే పని ఎందుకు పడుతుంది?

ఇంకోవైపు, ప్రభుత్వ పనులన్నీ ఫైళ్లమీదికి వెళ్లాయి. మీసేవ 2011 నవంబరులో మొదలైందే చిత్తూరు జిల్లాలో. ఇవాళ స్కాలర్‌షిప్‌కైనా ఉద్యోగానికైనా సర్టిఫికెట్ స్కాన్ చేసి, ఇన్ని కేబీల లోపు కుదించి, అడిగిన రకంలో అప్‌లోడ్ చేయాలి. అంటే పిల్లల చేతిలోని ఫోన్ ఫైళ్లను దాచేస్తుంటే, వాళ్ల భవిష్యత్తును తేల్చే దరఖాస్తులు ఫైళ్లనే అడుగుతున్నాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న పిల్లలు ఈ తేడాను ఎలాగో దాటేస్తారు. కుప్పం, సత్యవేడు పల్లెల నుంచి హాస్టల్‌కి వచ్చిన పిల్లలే ఇబ్బంది పడతారు, అడగడానికి సిగ్గుపడి ఇంకా నలుగుతారు.

వెతికితే దొరుకుతుంది కదా అని కొందరంటారు. పేరు గుర్తుంటే దొరుకుతుంది. వాట్సాప్ పెట్టే పేరులో తేదీ, అంకెలు తప్ప ఏముంటాయి? పైగా ప్రోగ్రాంకు ఫైల్ ఉన్న దారి కచ్చితంగా చెప్పి తీరాలి.

కాలేజీల్లో మొదటి వారం రెండు ల్యాబ్ గంటలు దీనికే ఇవ్వాలి. ఫైల్‌కు పేరు పెట్టడం, దారి చదవడం, జిప్ (కుదించి కట్టిన ఫైళ్ల మూట) విప్పడం, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మార్కులు లేకుండా చేయించాలి. విండోస్ మామూలుగా దాచిపెట్టే, ఫైల్ రకం తెలిపే డాట్ పీడీఎఫ్, డాట్ జేపీజీ తోకలను కనపడేలా పెట్టడం మొదటి రోజే చూపించాలి.