బస్టాండ్‌లో బస్సులకి ఫోటోలు తీసే అన్నయ్యలు

పిల్లలూ,

మొన్న దసరా సెలవులకి వచ్చినప్పుడు సూర్యాపేట బస్టాండ్‌లో మీలో చిన్నది ఒక మాట అడిగింది, "తాతయ్యా, ఆ అన్నయ్యలు బస్సు ఎక్కట్లేదు, దిగట్లేదు, ఊరికే బస్సుకి ఫోటోలు తీస్తున్నారేంటి" అని. అంతలో మన బస్సు వచ్చింది, సీటు కోసం ఉరకడంలో జవాబు చెప్పనేలేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

వాళ్ళని బస్ ఫ్యాన్స్ అంటారు. వాళ్ళని ఎవరూ పంపలేదు, ఎవరూ జీతం ఇవ్వరు. ఒకతను కాలేజీ పిల్లాడు, ఒకతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒకతని నాన్న డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆదివారం వస్తే డిపో గేటు బయట నిలబడి ఏ బస్సు నంబరెంత, ఏ డిపోది, లేలాండా టాటానా, బాడీ మియాపూర్‌లోని ఆర్టీసీ వర్క్‌షాపులో కట్టిందా వేరే చోటా, రంగు ఎప్పుడు మారింది, ఇవన్నీ రాసుకుంటారు. పాత డ్రైవర్ల ఇళ్ళకెళ్ళి అల్మారాలో పడున్న ఫోటోలు అడిగి స్కాన్ చేసుకుంటారు. మీరు ఫోన్‌లో బస్సు నడిపే గేమ్ ఆడతారే, అందులో బస్సుకి మన ఆర్టీసీ రంగులు వేసిపెట్టింది కూడా ఇలాంటి పిల్లలే.

ఎందుకంటారా? మా అమ్మ సొరపాదు పెట్టేది. కాసినన్నాళ్ళూ కోసి వండేది, వాడకట్టంతా పంచేది, కానీ ఒక్క కాయని మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, దానికి గుర్తుగా చీరపేలిక కట్టేది. అది తీగ మీదే ముదిరి ఎండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. అప్పుడు కోసి, గింజలు బూడిదలో కలిపి, మూటకట్టి దాచేది. పందిరి నిండా కాయలున్నప్పుడు విత్తనం సంగతి ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి? బస్సులూ అంతే, రోజూ కళ్ళ ముందు తిరుగుతుంటే దాచాలని ఎవరికీ తోచదు. ఆ పేలిక కట్టే పని ఈ అన్నయ్యలు చేస్తున్నారు.

మరీ పాతవాటికి భయం లేదు. 1932 జూన్‌లో నిజాం రైల్వేవాళ్ళు 27 బస్సులతో, 166 మంది మనుషులతో మొదలుపెట్టిన సర్వీసు మన ఆర్టీసీకి మూలం, ఆ రోజుల నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో భద్రంగా ఉంది. దిగులంతా నిన్నమొన్నటి వాటి గురించే. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లు రోడ్డెక్కకూడదని కేంద్రం రూల్ పెట్టింది, అందులో ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి, రూల్ మంచిదే, కానీ మీ నాన్న కాలేజీకి వేలాడుతూ వెళ్ళిన బస్సు తుక్కులో కలిసిపోయింది కదా, దాని ఫోటో ఒక్కటైనా మీ ఇంట్లో ఉందా?

మా చిన్నప్పుడు బస్సంటే ఎర్రబస్సే. కండక్టర్ చేతిలో టికెట్ల ట్రే, రేటుకో రంగు టికెట్టు, పంచింగ్ మిషన్‌తో చిల్లు కొట్టి ఇచ్చేవాడు, బస్సు ఆపాలంటే అదే మిషన్‌తో కమ్మీ మీద టకటకమని కొట్టేవాడు. మేం స్టాపులో పారేసిన టికెట్లన్నీ ఏరి రంగుల వారీగా కట్టలు కట్టి ఆడుకునేవాళ్ళం, గులాబీ రంగుది ఒకటిస్తే పచ్చవి నాలుగు! నా కట్టలన్నీ ఒక భోగికి పిడకలతో పాటు మంటలో వేశారు మా ఇంట్లో. అప్పుడు ఏడ్చింది ఇంకా గుర్తుంది. ఆ టికెట్టు చేత్తో తడిమితే చిల్లు అంచు గరుగ్గా తగిలేది, అది ఇప్పుడు మీకు ఎలా చూపించను?

హైదరాబాద్‌లో గౌలిగూడ బస్టాండ్ షెడ్డు సంగతి చెప్పాలి. విమానాలకని తెప్పించిన పెద్ద గుండ్రటి రేకు షెడ్డు, ఎన్నో దశాబ్దాలు దాని కింద బస్సులు ఆగాయి. 2018 జులై 5న మొత్తం కూలిపోయింది. ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు దాన్ని చూడాలంటే జనం తీసిన ఫోటోలే దిక్కు.

ఒక్కోసారి దాచిన గింజ మొలకెత్తుతుంది కూడా. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి 7జెడ్ అని డబుల్ డెక్కర్ తిరిగేది, తర్వాత ఆపేశారు. 2020 నవంబర్‌లో ఒకాయన ట్విట్టర్‌లో దాని పాత ఫోటో పెట్టి మళ్ళీ తెస్తారా అని అడిగితే, అప్పటి మంత్రి కేటీఆర్ తను స్కూలుకెళ్ళేటప్పుడు ఆ బస్సుల్ని చూసిన ముచ్చట చెప్పి, తేగలమేమో చూడమని రవాణా మంత్రిని అడిగారు. 2023 ఫిబ్రవరిలో కరెంటుతో నడిచే డబుల్ డెక్కర్లు హైదరాబాద్‌లో దిగాయి. ఒక్క ఫోటో!

అయితే మూట మీద గుర్తు లేకపోతే లోపల ఉన్నది సొరో బీరో తెలీదు, మా అమ్మ అందుకే ఒక్కో మూటకి ఒక్కో రంగు దారం కట్టేది. బస్సుకి ఆ దారం నంబర్ ప్లేటు. ఆర్టీసీ బస్సు నంబర్లో జెడ్ ఉంటుంది, నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టారని పెద్దలు చెప్పుకుంటారు. ఏపీ 9 జెడ్, ఏపీ 10 జెడ్, ఏపీ 11 జెడ్, తర్వాత ఏపీ 28, 29 జెడ్‌లు, రాష్ట్రం విడిపోయాక టీఎస్, 2024 నుంచి టీజీ. ఆ అన్నయ్యలు నంబర్ చూసి బస్సు సుమారుగా ఎప్పటిదో చెప్పేస్తారు, నాకైతే ఎంత విన్నా తనివి తీరదు.

ఇప్పుడు మీ పని. మిషన్‌లోంచి వచ్చే టికెట్టు వేడికి అచ్చయ్యే కాగితం, ఎండ తగిలినా, జేబులో పెట్టి మర్చిపోయినా అక్షరాలు మాసిపోయి తెల్లగా అయిపోతుంది. మా కాలం టికెట్టు దాస్తే చాలు, మీది దాచినా నిలవదు. కాబట్టి ఆడవాళ్ళ ఫ్రీ ప్రయాణానికని అమ్మకి ఇచ్చిన జీరో టికెట్టు ఉంటే ఇవాళే ఫోటో తీయండి, తారీఖు, డిపో, ఎక్కడినుంచి ఎక్కడికో నోట్‌బుక్‌లో పెన్నుతో రాయండి. బస్సు ఫోటో తీసేటప్పుడు డ్రైవర్ గారిని అడగండి, ఇంజన్ ఆన్‌లో ఉన్న బస్సు ముందుకి మాత్రం వెళ్ళొద్దు. ఆ అన్నయ్యలు మళ్ళీ కనిపిస్తే సిగ్గుపడకుండా పలకరించండి, నంబర్ ఎలా చదవాలో నాకంటే బాగా చెప్తారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకోండి.

మీ తాతయ్య