ముంబయి మిల్లు భూములు: అపోహలు - వాస్తవాలు

పట్టణ ప్రణాళిక నా వృత్తి. ఒకప్పుడు బట్టల మిల్లులుండే ముంబయి ప్రాంతాలు పరేల్, లాల్‌బాగ్, వర్లీల గురించి మాట వచ్చినప్పుడల్లా ఈ అపోహలే వినిపిస్తుంటాయి. తెలంగాణ పల్లెల నుంచి వెళ్లిన ఎందరో పద్మశాలీలు ఆ మిల్లుల్లో మగ్గాలు నడిపారు కాబట్టి మనవాళ్లకూ ఇవి తెలియాలి.

అపోహ: 1982 సమ్మె వల్లే మిల్లులు మూతపడ్డాయి.
యూనియన్ నేత దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు 2.5 లక్షల మంది చేసిన ఆ సమ్మె పెద్ద దెబ్బే. కానీ అప్పటికే ముంబయి దగ్గరి భివండీ మరమగ్గాల బట్ట చౌకగా వస్తోంది, చాలా మిల్లుల్లో యంత్రాలు పాతబడ్డాయి. తర్వాత్తర్వాత నేసే బట్ట కన్నా మిల్లు కింద నేలకే ఎక్కువ ధర పలికింది.

అపోహ: యజమానులు మూడింట రెండొంతుల భూమి ఇచ్చేశారు.
అసలు గొడవంతా ఇక్కడే ఉంది. 1991 నాటి ముంబయి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లోని 58వ నిబంధన ప్రకారం మిల్లు కూల్చి కొత్తగా కడితే, సుమారు మూడో వంతు భూమి పార్కుల వంటి వాటికి, మరో మూడో వంతు మ్హాడా (మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఇళ్లకు ఇవ్వాలి. 2001లో దాన్ని సవరించి, పంపకాన్ని ఖాళీ స్థలానికే పరిమితం చేశారు. ఉదాహరణకు 15 ఎకరాల మిల్లులో 12 ఎకరాల మీద షెడ్లున్నాయి అనుకోండి. పాత లెక్కలో పార్కులకు, ఇళ్లకు చెరో ఐదెకరాలు వచ్చేవి. కొత్త లెక్కలో చెరో ఎకరమే! 2006లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. నగరం నడిబొడ్డున అంత జాగా మళ్లీ దొరకదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

అపోహ: కార్మికులందరికీ ఇళ్లొచ్చాయి.
దరఖాస్తులు 1.4 లక్షలకు పైనే. ఇళ్ల కేటాయింపుకు 2012లో మ్హాడా తీసిన లాటరీలో ఉన్నవి 6,925 ఇళ్లు. కార్మికుడు చనిపోతే వారసులకూ హక్కుంది, కానీ రుజువు కావాలి. తాతగారి మిల్లు టికెట్ (కార్మికుడి గుర్తింపు కార్డు), ఈఎస్ఐ, పీఎఫ్ కాగితాలు ఊళ్లో ఏ ట్రంకుపెట్టెలో ఉన్నా దయచేసి పారేయకండి.

అపోహ: పాత ఆవరణలో హోటళ్లు పెడితే పునరుద్ధరణ అయినట్టే.
2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని రూఫ్‌టాప్ రెస్టారెంట్లలో మంటలు చెలరేగి 14 మంది చనిపోయారు. వాడకం మారినప్పుడు బయటికి వెళ్లే దారులూ మారాలి.

అపోహ: ఉచితంగా ఫ్లాటు వస్తే ఇక టెన్షన్ లేదు.
బీడీడీ చాల్‌లలో (ముంబయిలోని పాత ఒంటిగది ఇళ్ల భవనాలు) 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తున్నారు. ఇది నిజంగా మంచి పని. అయితే టవర్ అన్నాక లిఫ్టు, నీటి పంపు, ఫైర్ పరికరాలకు ప్రతి నెలా ఖర్చుంటుంది. ఇలాంటి ఏ ప్రాజెక్టులోనైనా ఆ ఖర్చు ఎవరు, ఎన్నేళ్లు భరిస్తారో తాళాలు తీసుకునే ముందే రాతపూర్వకంగా అడగండి.