శబ్దం ఎంతసేపు మోగింది? అపోహలు - వాస్తవాలు

మనుషులకి హెడ్‌ఫోన్స్ పెట్టి రెండేసి శబ్దాలు వినిపించి ఏది ఎక్కువసేపు ఉంది అని అడగడం నా పని. ఇదేముందండీ అని మొదలుపెడతారు అందరూ, కాసేపయ్యాక ఇందులో ఏదో మోసం ఉంది అని నన్నే అనుమానంగా చూస్తారు.

అపోహ: నిడివి ఒకటే అయితే ఒకేలా వినపడుతుంది.

అస్సలు కాదు. ఠంగుమని మొదలై మెల్లగా తగ్గిపోయే పావు సెకను శబ్దం ఒకటి తీసుకుని ఎడిటర్‌లో రివర్స్ చేసి చూడండి, ఇప్పుడది సన్నగా మొదలై పెరిగి పెరిగి టక్కున ఆగుతుంది, ఫైల్ ఒక్క మిల్లీసెకను కూడా మారలేదు గానీ రివర్స్ చేసిందే పొడుగ్గా అనిపిస్తుంది. తగ్గుతూ పోయే భాగాన్ని మెదడు గదిలో ప్రతిధ్వని కింద జమకట్టి పక్కన పెట్టేస్తుందని ఒక వివరణ ఉంది, సబబుగానే ఉంది కానీ అదొక్కటే కారణం అని నేననను. అన్నట్టు వాల్యూమ్ పెంచినా అంతే, అదే నిడివి ఇంకాస్త సాగినట్టు ఉంటుంది.

అపోహ: ఇదంతా చెవి పని, కంటికేం సంబంధం?

2007లో షుట్జ్, లిప్స్‌కోంబ్ అని ఇద్దరు పరిశోధకులు మరింబా (చెక్క పలకల్ని పుల్లలతో కొట్టి వాయించే వాద్యం) వాయించే వీడియోలతో చూశారు. సౌండ్ ఒక్కటే వింటే చెయ్యి బాగా ఊపి కొట్టిన స్వరానికీ చిన్నగా కొట్టినదానికీ తేడా లేదు, చూస్తూ వింటే మాత్రం చెయ్యి ఊపిందే ఎక్కువసేపు మోగినట్టు అనిపించింది. కనపడేది పట్టించుకోవద్దని ముందే చెప్పినా సరే!

అపోహ: బాగా అలవాటైన చెవి ఎంత చిన్న తేడానైనా పట్టేస్తుంది.

ఇక్కడ రెండు వేరే పనులు కలిపేస్తారు. ఆగకుండా వచ్చే హిస్ శబ్దం మధ్యలో 2, 3 మిల్లీసెకన్ల ఖాళీ వస్తే మామూలు చెవి కూడా పట్టేస్తుంది. అదే చెవికి 1000 మిల్లీసెకన్ల టోన్, 1020 టోన్ ఇచ్చి ఏది పొడుగు అంటే తెల్లమొహమే. తేడా సుమారు పది శాతం ఉంటే గానీ నమ్మకంగా చెప్పలేం, ప్రాక్టీస్‌తో అది కొంత తగ్గుతుంది అంతే.

ఇక మెదడులో గడియారం లాంటి భాగం ఒకటుంది అనేది, అలాంటి ఒక్క చోటు ఏదీ లేదు, చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా అని మెదడు లోపల లోతుగా ఉండే భాగాలు, కదలికలు చూసే భాగాలు అన్నీ కలిసే చేస్తాయి. గబ్బిలాల మధ్యమెదడులో మాత్రం ఫలానా నిడివి శబ్దానికే స్పందించే న్యూరాన్లు ఉన్నాయని 1994లో తేలింది, అవి కూడా శబ్దం ఆగాకే స్పందిస్తాయి, మరి ఆగితే గానీ ఎంతసేపు ఉందో తెలీదు కదా.