మీటరు కన్నా ముందు గరిటెను చూడండి

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు ఒక పాల సేకరణ కేంద్రంలో రెండు పూటలా శాంపిళ్లు చూడటం నా పని. ఫ్యాట్, అంటే పాలలో వెన్న శాతం, తగ్గిన చీటీ ఇచ్చిన రోజు నా ముఖం ఎవరికీ నచ్చదు.

అపోహ: మోసమంతా యంత్రంలోనే ఉంది.

వాస్తవం: సరిగ్గా కడగని యంత్రం తప్పు అంకె చూపిస్తుంది, కాదనను. కానీ నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం శాంపిల్ తీసే గరిటె దగ్గర మొదలైనవే. క్యాను కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. పైనుంచి ముంచితే ఫ్యాట్ ఎక్కువ, అడుగు నుంచి తీస్తే తక్కువ. ఒకరోజు ఒక అక్క గేదె పాలకు 5.4 వచ్చింది. "నిన్న 6.2 కదా, రాత్రికి రాత్రే గేదె మారిపోయిందా తమ్ముడూ?" అంది. పాలు బాగా కలియబెట్టి మళ్లీ తీస్తే 6.1! తప్పు నాదే. కిలో వెన్నకు 800 రూపాయల లెక్కన కడుతున్నారనుకుంటే, ఆ 0.7 తేడా కిలో పాలకు 5 రూపాయల 60 పైసలు. పది కిలోలు పోసే ఇంటికి పూటకు 56 రూపాయలు. అందుకే ఎదురుగా కలిపించి, ఆ తర్వాతే శాంపిల్ తీయనివ్వండి.

అపోహ: దాణా పెంచితే ఫ్యాట్ పెరుగుతుంది.

వాస్తవం: పాలు పెరగవచ్చు. వెన్నకు మాత్రం పీచు మేత కావాలి. జొన్న చొప్ప తగ్గించి తవుడు, చెక్క కుమ్మరిస్తే శాతం పడిపోతుంది.

అపోహ: చివరి నాలుగు ధారలు దూడకు వదిలితే పోయేదేముంది?

వాస్తవం: పోయేది వెన్నే. తొలి ధారలు పలుచన, చివరివి బాగా చిక్కన. దూడకు పాలు ఇవ్వాల్సిందే, అందులో వాదన లేదు. ముందుగా తాగనిచ్చి, తర్వాత పొదుగు పూర్తిగా పితకండి.

అపోహ: నీళ్లు పోస్తే లాక్టోమీటరు (పాల సాంద్రత చూసే, పాలలో తేలే గొట్టం) పట్టేస్తుంది.

వాస్తవం: వెన్న తీసేస్తే లాక్టోమీటరు అంకె పెరుగుతుంది, ఆపై నీళ్లు కలిపితే మళ్లీ మామూలుకు వస్తుంది. అందుకే ఫ్యాట్‌తో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థాల శాతం, కూడా చూస్తాం. ఆవు పాలకు కనీసం ఫ్యాట్ 3.2, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.3 ఉండాలి. ఇక్కడ నీళ్లు కలపనివాళ్లకూ ఒక చిక్కుంది. అప్పుడే పితికిన పాలు వెచ్చగా, గాలి బుడగలతో ఉంటాయి. అందులో లాక్టోమీటరు ఎక్కువ మునిగి అంకె తక్కువ చూపిస్తుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ లెక్కా తగ్గుతుంది. నురగ అణగకముందే ఎవరైనా ముంచబోతే "కాసేపు ఆగన్నా" అనండి. నన్నైనా సరే.