చర్చి చెప్పే దిక్కు, హరివిల్లు చెప్పే వేళ

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1831లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించిన, ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి చిత్రం చూడండి. ముందు ఏరు దాటుతున్న గుర్రబ్బండి, ఒక కుక్క, వెనక నల్లమబ్బుల్లోకి లేచిన 123 మీటర్ల శిఖరం, అన్నిటి మీదుగా పెద్ద హరివిల్లు. సూర్యుడు మాత్రం ఎక్కడా కనబడడు, కానీ ఎక్కడున్నాడో పట్టుకోవచ్చు. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి అదే.

దిక్కు కట్టడమే చెప్పేస్తుంది. ఆ చర్చి కట్టిన కాలంలో పెద్ద చర్చిలను పూజా పీఠం తూర్పున, ముఖద్వారం పడమట ఉండేలా కట్టేవాళ్లు. బొమ్మలో పడమటి ముఖం, ఉత్తరపు గోడ రెండూ కనిపిస్తున్నాయంటే చిత్రకారుడు వాయవ్యం మూల నుంచి ఆగ్నేయంగా చూస్తున్నాడన్నమాట.

ఇక హరివిల్లు. వాన చినుకులోకి దూరిన వెలుగు లోపల ఒకసారి ప్రతిఫలించి, రంగులుగా విడిపోయి వెనక్కి వస్తుంది, వచ్చిన దారికి సుమారు 42 డిగ్రీల కోణంలో బాగా చిక్కగా వస్తుంది. అందుకే విల్లు ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కునే పడుతుంది, దాని కేంద్రం మన తల నీడ పడేచోటే. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకెక్కితే విల్లు మొత్తం నేల కిందికి దిగిపోతుంది కాబట్టి హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా ఏ మిట్టమధ్యాహ్నమూ ఆకాశంలో హరివిల్లు రాదు, చలికాలంలో కూడా అక్కడ సూర్యుడు అంతకంటే పైనే ఉంటాడు.

విల్లు నడిమి భాగం సరిగ్గా ఆగ్నేయాన ఉండాలంటే సూర్యుడు సరిగ్గా వాయవ్యంలో ఉండాలి. సాలిస్‌బరీలో అతి పొడవైన పగలు కూడా సూర్యుడు అంత ఉత్తరానికి జరగకముందే అస్తమిస్తాడు. అంటే నిజంగా అక్కడ నిలబడితే వేసవి సాయంత్రం పొద్దు వాలే వేళ కూడా విల్లు నడిమి భాగం కొంచెమైనా ఎడమకు, తూర్పు వైపుకు జరిగే ఉంటుంది.

కానిస్టేబుల్‌కి ఇవి తెలియనివి కావు. 1821, 1822ల్లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో మబ్బుల్ని గీస్తూ చాలా వాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు, తర్వాత హరివిల్లు జ్యామితిని బొమ్మలు వేసుకుని మరీ చదివాడు.

బొమ్మలో విల్లు కుడి కాలు దిగింది లెడెన్‌హాల్ అనే ఇంటి మీద. అది ఆయన ప్రాణస్నేహితుడు, ఆర్చ్‌డీకన్ (చర్చిలో ఒక పెద్ద హోదా) జాన్ ఫిషర్ ఇల్లు. ఫిషర్ 1832లో పోయాడు, కానిస్టేబుల్ ప్రదర్శన తర్వాత కూడా ఈ బొమ్మను దిద్దుతూనే ఉన్నాడు, అందుకే హరివిల్లు స్నేహితుడు పోయాక చేర్చిందని కొందరు పరిశోధకులు వాదిస్తారు. నాకు ఆ వాదన నమ్మబుద్ధేస్తుంది. వెలుగు గురించి ఇంత తెలిసినవాడు విల్లు కాలు ఎవరింటి మీద దిగుతోందో చూసుకోకుండా గీయడు.